నాలుగు వేళ్ల మడత

జూన్ వచ్చిందంటే తల్లాడ బస్టాండు ఎదుట దర్జీ సిరాజుద్దీన్ మిషన్ మీంచి తల ఎత్తడు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, పెదవుల మధ్య గుండుసూదులు. బడిపిల్ల గౌను ఎవరిదైనా సరే, అంచు కింద నాలుగు వేళ్ల మడత లోపలికి పెట్టి కుడతాడు. "పిల్ల పెరగదా? వచ్చే ఏడు విప్పుకోండ్రి," అంటాడు, సూదులు తీయకుండానే.

మనవరాలు షబ్నమ్ గౌనుకు మాత్రం ఈసారి మడత పెట్టడానికి చెయ్యి రాలేదు. మస్కట్‌లో విడాకులయ్యాక కూతురు ఆరిఫా పిల్లతో పుట్టింటికి వచ్చేసింది. పిల్ల నాకే కావాలని అల్లుడు అక్కడి కోర్టులో, నా దగ్గరే ఉంచండని ఆరిఫా ఖమ్మం కోర్టులో కేసు వేశారు. పిల్ల సంగతి ఏ దేశం కోర్టు తేల్చాలన్నదే ఇంకా తేలలేదు. వచ్చే ఏడు పిల్ల ఎక్కడుంటుందో!

షబ్నమ్ గౌను తొడుక్కుని అంచు తిరగేసి చూసింది. "అందరి గౌన్లకు మడత పెడ్తవ్ గద నానా, నాదానికెందుకు పెట్టలే?" అని తాతనడిగింది.

సిరాజుద్దీన్ నోట్లో సూదులతోనే గౌను విప్పించి మళ్లీ మిషన్ మీదికి తీసుకున్నాడు. మడవడానికి గుడ్డ మిగల్లేదు. కొత్త బట్టకు ఏనాడూ అతుకు వేయని మనిషి, అదే రంగు గుడ్డ తెచ్చి అంచుకు అతకసాగాడు.

"కోర్టు ఏమంటదో ఇంక తెల్వదు గద, అబ్బాజాన్," అంది ఆరిఫా.

అతను సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.

"ఏ కోర్టు ఏం జెప్పినా పిల్లయితే పెరుగుతది గద, బేటీ."

ఈసారి పెట్టిన మడత నాలుగు వేళ్లది కాదు, జానెడు.