తాళం వేసిన గదిలో రీబూట్

మా ల్యాబ్ మేడమ్ గారు పోయారని మొన్న పొద్దున్నే తెనాలి నుంచి వాళ్ల చెల్లెలుగారు ఫోన్ చేశారు. రేపల్లెలో పాసింజరు ఎక్కాను. కిటికీ పక్కనే కూర్చున్నా ఏ ఊళ్ళు దాటామో తెలియలేదు.

నాది అయిదో తరగతి చదువు. బాపట్లలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ తాళాలు తీసి ఊడ్చే పని చేశాను. మేడమ్ గారు వయసులో నాకంటే చాలా చిన్న. "బాబాయ్ గారూ" అనేవారు. సాయంత్రం రైలు తప్పిపోతుందన్నా సరే, పిల్లలు తెరిచి వదిలేసినవన్నీ మూసి, కుర్చీలు లోపలికి తోసి గానీ కదిలేవారు కాదు.

ఒక సోమవారం ప్రిన్సిపాల్ గారు నన్ను ల్యాబ్‌లోకి పిలిపించారు. పరీక్ష పేపర్లు దాచే పెద్ద యూనిక్స్ కంప్యూటర్ మా ల్యాబ్‌లోనే ఉండేది. ఎవరు ఏ వేళ లాగిన్ అయ్యారో అది తనే రాసి పెట్టుకునేది. అందులో ఆదివారం మధ్యాహ్నం ఎవరూ ఎరగని పేరు ఒకటి పడింది, రీబూట్ అని.

"నిన్న తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరేనండి."

"మరి ఈ రీబూట్ ఎవడు? ఎవర్ని పంపావు లోపలికి?"

"ఎవర్నీ పంపలేదండి."

గుమాస్తా నవ్వాడు. "పేరు చూస్తే దొరలా ఉన్నాడు. ఎక్కడ పట్టావేంటి బాబాయ్?"

పేపర్లు పోయాయంటే ఉద్యోగం ఒక్కటే కాదు, దొంగ అనిపించుకుని ఇంటికి వెళ్ళాలి.

మేడమ్ గారు వచ్చి తెర మీద ఆ పేరు పడిన వరుస చూశారు. అందర్నీ బయటికి రమ్మని, నా చేత తాళం వేయించి, చెవి ప్రిన్సిపాల్ గారికి ఇప్పించారు. వరండాలో మెయిన్ స్విచ్ దించి, కాసేపాగి ఎత్తారు.

"ఇప్పుడు తియ్యండి సార్."

కంప్యూటర్ తనంతట తనే లేచి ఉంది. తెర మీద కొత్త వరుస తెప్పించి చూపించారు. అదే పేరు.

"ఇప్పుడెవరు వెళ్ళారండీ లోపలికి?" అన్నారు మేడమ్ గారు. "మనిషి కాదు సార్. మెషిన్ మళ్ళీ లేచినప్పుడల్లా తనే రాసుకునే గుర్తు అది. కరెంటు రాగానే లేచేట్టు పెట్టాను. నిన్న మధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయింది కదండీ. కరెంటు పోతే దాన్ని నడిపే బ్యాటరీలు పాడయ్యాయని చెప్తూనే ఉన్నాను."

ప్రిన్సిపాల్ గారు తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మేడమ్ గారు ఆ వరుసలు చదవడం నాకు నేర్పారు. "తెలియని పేరు కనిపిస్తే ముందే మనిషిని అనుమానించకండి బాబాయ్ గారూ. ఆ వేళకి ఏం జరిగిందో అడగండి" అనేవారు. ఇంట్లో ఏదన్నా కనపడకపోయినా, నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

తెనాలిలో ఆమెను ముందుగదిలో పడుకోబెట్టారు. మేం కూర్చుని ఉండగానే కరెంటు పోయింది. కాసేపటికి ఫ్యాన్లు తిరిగాయి. మూల బల్ల మీద ఆమె కంప్యూటర్ వెలిగింది.

చెల్లెలుగారు ఉలిక్కిపడ్డారు. "ఎవరేశారు దాన్ని?"

"ఎవరూ కాదమ్మా. కరెంటొచ్చింది."

తెర మీద పేరు రాయాల్సిన చోట సన్నని గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. దాని ముందు కుర్చీ లోపలికి తోసి ఉంది.