బంతిని చూడని శుక్రవారం

నా చిన్నప్పుడు శుక్రవారమంటే మస్కట్ ఊరి పక్కన ఘాలాలోని మా కంపెనీ ఇళ్ళలో అందరికీ ఒకటే కాలక్షేపం, మా జట్టు ఓడిపోవడం చూడటానికి వెళ్ళడం. మా బాపు అక్కడ క్రేన్లు, బుల్డోజర్లు బాగుచేసే షెడ్డులో ఫోర్‌మన్. మా సొంతూరు జగిత్యాల దగ్గరే అయినా, నాకు ఊహ తెలిసేనాటికే మేం ఒమన్‌లో ఉన్నాం. షెడ్డు వెనక రాళ్ళగుట్టకూ రోడ్డుకూ మధ్య చదును చేసిన స్థలం ఒకటి ఉండేది. గడ్డిపరక కూడా మొలవని ఇసుక నేల. కంపెనీలో పనిచేసే ఆస్ట్రేలియా ఇంజినీర్లు అక్కడ సున్నంతో గీతలు గీయించి, పక్క కంపెనీ జట్టుతో తమ దేశపు ఫుట్‌బాల్ ఆడేవారు.

అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, చంకన పెట్టుకుని పరిగెత్తొచ్చు, విసరడం మాత్రం కుదరదు. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు పాతుతారు. మధ్య రెండింటి లోంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క వాటి లోంచి పోతే ఒకటి. ఆటంతా నాలుగు పావు వంతులుగా సాగుతుంది. ఇంజినీర్లు ఏడుగురే ఉండటంతో మిగిలిన వాళ్ళను షెడ్డులోంచే ఏరుకున్నారు. అలా మా పక్కింటి కాక కూడా జట్టులో చేరాడు.

కాక వెల్డర్. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. భార్యా చిన్న పిల్లాడూ ఊళ్ళో ఉంటే తనొక్కడే ఇక్కడ ఉండేవాడు. మా అమ్మ కూర పంపిస్తే గిన్నె తోమి, అందులో నాలుగు ఖర్జూరాలు వేసి తిరిగి ఇచ్చేవాడు. మా వాడకట్టు పిల్లలకు పాత పైపులు అతికి ఉయ్యాల చేసిపెట్టింది అతనే. ఊళ్ళో కబడ్డీ ఆడినవాడు కనుక మనిషిని పట్టుకుంటే వదిలేవాడు కాదు. జట్టును నడిపే ఇంజినీరు సారు అది గమనించి అతన్ని వెనక వరసలో, మా స్తంభాల ముందు కాపలా పెట్టాడు. వారమంతా నిప్పురవ్వల మధ్య వంగి పనిచేసే మనిషి, శుక్రవారం పొద్దున నీలం చొక్కా తొడుక్కుని నడిచి వస్తుంటే వేరే మనిషిలా కనిపించేవాడు.

మొదటి రెండు ఆటలూ మావాళ్ళే గెలిచారు. తర్వాత వరసగా ఐదు వారాలు ఓడిపోయారు. ఆడేవాళ్ళకంటే చూసేవాళ్ళకే ఆ బాధ ఎక్కువగా ఉండేది. కంపెనీ బస్సు నీడలో చాపలు పరుచుకుని, ఫ్లాస్కులో చాయ్ పెట్టుకుని, ఎందుకు ఓడిపోతున్నామని వాదించుకునేవారు. స్టోర్ కీపర్‌గా ఉన్న మలయాళీ ఆయన తప్పంతా గాలిదనేవాడు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఎప్పుడూ అవతలి జట్టుకే సాయం చేస్తోందట. బస్సు డ్రైవర్ ముందురోజు మెస్సులో పెట్టే బిర్యానీని తప్పు పట్టేవాడు. ఈల ఊదే మనిషి అవతలి కంపెనీకి చుట్టమని ఒకరు, నీలం చొక్కాలకు మారాకే దరిద్రం పట్టుకుందని మరొకరు అనేవారు. అందరికంటే గట్టి గొంతు మా బాపుది. షెడ్డులో ఏ ఇంజను ఎందుకు మొరాయించిందో చెప్పినంత నమ్మకంగా ఆటలోని లోపాలూ చెప్పేవాడు. ఆయన ఒళ్ళో కూర్చుని వింటుంటే నాకు అదంతా నిజమే అనిపించేది.

గాలీ బిర్యానీ అన్నీ అయ్యాక, నాలుగో వారానికి ఆ వాదన ఒక మనిషి దగ్గరికి చేరింది. అవతలివాళ్ళు కొట్టే ప్రతి గోలూ కాక నిలబడ్డ చోటు నుంచే పోతోందని ఎవరో అన్నారు. అందరూ ఒక్కసారిగా అవునన్నారు. అతను బంతి జారవిడిచిన ఘట్టాలు ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్నారు. ఐదో వారం ఆట అయ్యాక, అతన్ని పక్కన కూర్చోబెట్టమని ఇంజినీరు సారుతో చెప్పే పని బాపుకు అప్పగించారు.

ఆ సాయంత్రం కాక మా వాకిట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. మోకాళ్ళు దోక్కుపోయి ఎర్రగా ఉన్నాయి. పదేళ్ళ పిల్లని, పెద్దల మాట నోట పెట్టుకుని పెద్దదాన్నైపోయినంత గర్వంతో, "కాకా, నీ వల్లనే ఓడిపోతున్నమట గద" అన్నాను. అతను తల ఎత్తి చూశాడు. కోపం రాలేదు. కుళాయి కట్టేసి, "అట్లనా బిడ్డా" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వారం మా అమ్మ పంపిన గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. వచ్చే శుక్రవారమే తన ఆఖరి ఆటని, తర్వాత చొక్కా సారుకు ఇచ్చేస్తానని కాక బాపుతో చెప్పాడట. బాపు ఆ మాట అమ్మతో చెప్తుంటే విన్నాను. తానే చెప్పాల్సిన అవసరం తప్పినందుకు ఆయన గొంతులో కొంచెం నెమ్మది ఉంది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం రుచించలేదు. నేను అన్న మాట వల్లే అయ్యుంటుందని భయం. ఎవరితోనూ చెప్పలేకపోయాను.

నా ముఖం చూసి అడిగింది ఒక్క అత్తయ్యే. ఆవిడ మస్కట్‌లోనే అల్ హైల్ పేటలో ఇంజినీరు సారు ఇంట్లో వంట చేసి, వాళ్ళ ఇద్దరు చిన్న పిల్లల్నీ చూసుకునేది. గోదావరి జిల్లా మనిషి. మా అమ్మను వదినా అని పిలిచేది కనుక నాకు అత్తయ్య అయింది. ప్రతి శుక్రవారం పిల్లల్ని మైదానానికి తెచ్చి, బస్సుకు కాస్త ఎడంగా గొడుగు కింద నిలబడేది. వాదనల్లో ఆవిడ ఒక్క మాట కలపగా ఎవరూ వినలేదు. కాక ఆఖరి ఆట అన్న ఆ శుక్రవారం నేను బాపు ఒళ్ళో కూర్చోకుండా ఆవిడ కొంగు పట్టుకుని నిలబడ్డాను. అడిగితే, కుళాయి దగ్గరి సంగతంతా చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు. నన్ను తన ముందుకు లాక్కుని మైదానం వైపు తిప్పింది.

"బంతి నా కళ్ళకి అందదే తల్లీ. ఎటు పోయిందో చూసేలోపు ఇటొచ్చేస్తది. అందుకని నేను వారానికొక మనిషిని పెట్టుకుంటాను. మొదలైన దగ్గర్నుంచీ ఆ మనిషినే చూస్తాను. ఇయ్యాళ నువ్వూ చూడు, మీ కాకని. బంతి ఎక్కడుందో నీకనవసరం."

అది చాలా కష్టమైన పని. జనం కేక వేస్తే మెడ దానంతటదే తిరిగేది. ఆవిడ రెండు చేతులూ నా చెంపలకు ఆనించి నెమ్మదిగా మళ్ళీ కాక వైపు తిప్పేది. కాసేపటికి నాకు అలవాటైంది. అప్పటిదాకా నేను ఇన్ని వారాలు చూశాననుకున్న ఆటలో, అసలు చూడని ఆట ఒకటి కనిపించసాగింది.

బంతి అటు చివర ఉన్నప్పుడు కాక ఊరికే నిలబడి ఉంటాడని అనుకునేదాన్ని. అతను ఒక్క క్షణం నిలబడలేదు. తన చుట్టూ ముగ్గురు అవతలి వాళ్ళుంటే, ఒకరికి అడ్డుపడి, ఇంకొకరి వైపు పరిగెత్తి, మళ్ళీ మొదటివాడి దగ్గరికి వచ్చేవాడు. ముందుకు పోయిన మా కుర్రాళ్ళిద్దర్ని వెనక్కి రమ్మని చేతులూపుతూ హిందీలో పిలిచేవాడు. వాళ్ళు నాలుగడుగులు వేసి ఆగిపోయేవాళ్ళు. బంతి గాల్లో వచ్చినప్పుడు ముగ్గురి మధ్య ఒక్కడే ఎగిరి గుద్దేవాడు. అది పక్క గీత దాటి బయటికి పోయేది. బస్సు నీడలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏమీ జరగలేదు కదా. అలా ఎనిమిది సార్లు ఆపడం నేను లెక్కపెట్టాను. తర్వాత బంతి అతని వేళ్ళ మధ్య నుంచి జారింది, గోల్ అయింది. బస్సు నీడలోంచి మా బాపు గొంతు వినిపించింది, చూసిన్రా, మళ్ళ గాయనే అని.

నాకు ఏడుపొచ్చింది. సగం ఆట అయ్యాక పరిగెత్తుకెళ్ళి బాపుకు చెప్పాను. ఆయనా పక్కవాళ్ళూ నవ్వారు. పక్కింటాయన కనుక వెనకేసుకొస్తోందన్నారు. అప్పుడు అత్తయ్య చంటిదాన్ని చంకనేసుకుని మెల్లగా అక్కడికి వచ్చింది. మీలో ఎవరికి తోచిన ఆటగాణ్ణి వాళ్ళు ఎంచుకోండి, ఈ ఒక్క పావు ఆటా బంతిని వదిలేసి ఆ మనిషినే చూడండి, తర్వాత ఎవరిది తప్పో మీరే చెబుదురుగానీ అంది. పిల్లల ఆటలా ఉందని వాళ్ళకు నవ్వులాటగా అనిపించినట్టుంది. స్టోర్ కీపర్ ఒకణ్ణి, డ్రైవర్ ఒకణ్ణి పంచుకున్నారు. మా బాపు ముందు వరసలో ఆడే నిజామాబాద్ కుర్రాణ్ణి ఎంచుకున్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, షెడ్డులో బాపు కిందే హెల్పర్.

ఆ మూడో పావులో బస్సు నీడ ఎంత నిశ్శబ్దంగా ఉందో ఇప్పటికీ గుర్తు. పది మంది పది వైపులకు చూస్తున్నారు. మావాళ్ళు గోల్ కొడితే ఇంజినీర్లు అరిచేదాకా మాలో ఎవరికీ తెలియలేదు. మా బాపు చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

పావు అయ్యాక మళ్ళీ మాటలు మొదలయ్యాయి, కానీ వరస మారింది. ప్రతివాడూ తాను చూసిన మనిషిని వెనకేసుకొచ్చాడు. ఈయన కాలు కుంటుతోందని ఒకరు, ఆయనకు బంతే అందించడం లేదని ఒకరు. మా బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తన వంతు రాగానే చెప్పాడు.

"ఆ పిలగాడు నిద్రల ఉరుకుతున్నడు. నిలవడి మోకాళ్ళ మీద చేతులు వెట్టి కండ్లు మూస్తున్నడు. రాత్రి డ్యూటీ చేసి ఇటే వచ్చిండు. ఆ డ్యూటీ రాసింది నేనే."

తర్వాత తెలిసిందేమిటంటే, గురువారం రాత్రి డ్యూటీ పెద్దవాళ్ళందరూ వద్దనేవారు. ముందు వరస కుర్రాళ్ళిద్దరూ కొత్తవాళ్ళు, ఎదురు చెప్పరు. అందుకని బాపు ఆరు వారాలుగా వాళ్ళ పేర్లే రాస్తూ వచ్చాడు. వాళ్ళు వెనక్కి పరిగెత్తలేక ఆగిపోతుంటే ఆ భారమంతా కాక మీద పడుతోంది. ఆ సంగతి ఎవరి కంటా పడలేదు.

ఆ రోజూ ఓడిపోయాం. ఆట అయ్యాక కాక చొక్కా విప్పి మడతపెడుతుంటే మా బాపు అందరి ముందూ అతని దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో కూడా తప్పు ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు.

"తమ్మీ, నిన్ను ఊకెనే అన్నం. నా తప్పు నీ నెత్తిన వెట్టినం. ఆ అంగి సారుకు ఇయ్యకు."

కాక చొక్కా మడవడం ఆపాడు. నేను అతని చేయి పట్టుకుని, ఆ రోజు కుళాయి దగ్గర అన్నది తప్పని, సగం ఆటలోపే ఎనిమిది సార్లు ఆపడం నా కళ్ళతో చూశానని గబగబా చెప్పాను. అతను నా ఎత్తుకు వంగి, "తొమ్మిది బిడ్డా. ఒకటి నువ్వు చూడలే" అన్నాడు. అన్ని వారాలుగా తను ఆపినవన్నీ తనొక్కడే లెక్కపెట్టుకుంటూ వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత నవ్వాడు. చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు.

బాపు డ్యూటీలు మార్చి రాశాడు. గురువారం రాత్రి వంతు అందరికీ పడింది, మొదటి వారం తన పేరే వేసుకున్నాడు. మా జట్టు ఆ ఏడాది కొన్ని గెలిచింది, చాలానే ఓడిపోయింది. అవతలివాళ్ళు నిజంగానే మాకంటే బాగా ఆడేవాళ్ళని ఒప్పుకోవడం మావాళ్ళకు మెల్లగా అలవాటైంది.

నేను మాత్రం వారానికొక మనిషిని ఎంచుకుంటూ వచ్చాను. అందరూ అయిపోయాక ఒక శుక్రవారం అత్తయ్యను ఎంచుకున్నాను. పావు ఆటసేపు ఆవిడనే చూశాను. ఒకసారి చంటిదాని ముక్కు తుడిచింది, ఒకసారి పెద్దవాడి బూటు తాడు కట్టింది, గొడుగు పిల్లల వైపు వంచి తను ఎండలో నిలబడింది, ఫ్లాస్కులోంచి నలుగురికి చాయ్ పోసి తను తాగలేదు, ఒక్కసారీ కూర్చోలేదు. మధ్యలో ఒకసారి గుట్ట వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎందుకో నాకు తెలియదు. ఆట అయ్యాక, "అత్తయ్యా, ఈ వారం నిన్నే చూసిన" అని చెప్పాను. ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. నా తల తన పొట్టకు అదుముకుంది. నన్నెవరు చూస్తారే పిచ్చిదానా అని మాత్రం అంది. మరుసటి ఏడు ఇంజినీరు సారు కుటుంబం వెళ్ళిపోయింది, ఆవిడా ఊరెళ్ళిపోయింది. మళ్ళీ కలవలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. మస్కట్‌లోనే బడి పంతులమ్మనయ్యాను. ఫలానా తరగతి ఎందుకు వెనకబడిందని టీచర్ల గదిలో మాటలు మొదలై, చివరికి ఒక పిల్లవాడి పేరు దగ్గర ఆగినప్పుడల్లా, మరుసటి రోజు ఆ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంటాను. పాఠం వినను, వాణ్ణి మాత్రమే చూస్తాను. ఒక్కో పిల్లవాడి మీద వేయబోయిన నింద అలా నా నోటి దగ్గరే ఆగిపోయింది. ఒక్కోసారి ఆ నింద నా వైపే తిరిగింది, అదీ మంచికే. ఆ చూపు నాకు ఇచ్చింది గోదావరి నుంచి వంటపనికి వచ్చిన ఒక మనిషి. ఆ ఆటలో బంతి ఏ స్తంభాల మధ్య నుంచి పోతే ఎన్ని పాయింట్లో ఆవిడకు చివరిదాకా తెలియదు.