తల నాది, కబురు ఆయనకు

మొన్న ఖమ్మంలో ఒక డాక్టరు గారి గదిలో మా ఆయన, నేను పక్కపక్కన కూర్చున్నాం. బీపీ పెరిగింది ఆయనకు. గుండె పరీక్ష చేసింది ఆయనకు. సూది గుచ్చి రక్తం తీసిందీ ఆయనకే. ఆ కుర్ర డాక్టరు మాత్రం కాగితాలన్నీ తిరగేసి, కళ్ళద్దాలు సర్దుకుని, తిన్నగా నా వైపు తిరిగి, "సార్‌కు ఉప్పు తగ్గించండమ్మా, రోజూ పొద్దున్నే కాసేపు నడిపించండి," అన్నాడు. మా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో సీటు కింద మరిచిపోయిన సంచిలాగా కూర్చున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది, కోపమే ముందొచ్చింది. అది ఇరవై ఏళ్ళ కిందటి కోపం, ఆవకాయలా బాగా ఊరింది.

అప్పట్లో మేం పాల్వంచలో కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకు వారం వారం షిఫ్టు మారేది, ఇంట్లో గడియారం ఆ షిఫ్టును బట్టే నడిచేది. ఆయన నైట్ డ్యూటీ దిగి పడుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా మేం గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం. పిల్లలు గిన్నె చప్పుడు చేస్తే అత్తమ్మ కళ్ళెర్రజేసేది. నేను దగ్గర్లోనే ఒక బడిలో టీచరును. మిషన్ హాస్టల్లో చదువుకున్న రోజుల్లో పరుగు పందేల్లో ముందుండేదాన్ని. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఒక ఎండాకాలం ఏం బుద్ధి పుట్టిందో గానీ పంజాబీ డ్రెస్సు వేసుకుని, మా ఆయన పాత కాన్వాస్ బూట్ల ముందు భాగంలో దూది కూరి, కాలనీ గ్రౌండులో మళ్ళీ మొదలుపెట్టాను. పొద్దున్నే ఆ మట్టి చల్లగా ఉండేది. చిమ్నీల వెనక ఆకాశం తెల్లబడేది. ఆ కాస్సేపు నేను ఎవరికీ అమ్మను కాను, కోడలిని కాను, టీచరును కాను. రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది అదొక్కటే. కాలనీకి మాత్రం అదొక తమాషా. ఎదురు క్వార్టర్ వదిన వాకిట్లో చీపురు పట్టుకుని, "ఏంది వదినా, ఎవరు తరుముతున్నరు నిన్ను?" అని రోజూ అడిగేది. రోజూ తనే నవ్వుకునేది.

దెబ్బ పరుగులో తగల్లేదు. ఈ మాట అప్పట్లో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. తోటి టీచరు పెళ్ళికని భద్రాచలం వెళ్ళి బస్సులో తిరిగొస్తున్నాను. పర్ణశాల చూసొస్తున్న యాత్రికులు, సంతకు పోయొచ్చేవాళ్ళు, షిఫ్టుకు పోయేవాళ్ళు, బస్సు కిటకిటలాడుతోంది. అడవిలో ఒక మలుపు దగ్గర ఎద్దులు అడ్డమొచ్చాయి. డ్రైవరు బ్రేకు తొక్కాడు. పైన సామాన్ల అరలో ఉన్న చింతపండు గంప నా నడినెత్తి మీద దిగింది. కళ్ళు తెరిచేసరికి నా తల ఆ గంప మనిషి ఒళ్ళో ఉంది. ఏదో అడవి ఊరి ఆమె, కొంగు తడిపి నా మొహం తుడుస్తూ, డ్రైవర్ని వాళ్ళ భాషలో ఏకధాటిగా తిడుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అందులో దీవెన ఒక్కటీ లేదని తెలిసింది. ముందు సీట్లలోంచి మగవాళ్ళు వంగి చూసి, "రక్తం రాలే, ఏం కాలే. పోనియ్," అన్నారు. బస్సు పోయింది.

రక్తం రాలేదు నిజమే. ఇంటికొచ్చేసరికి రెండుసార్లు కక్కుకున్నాను, మా పెద్దవాడి పేరు గుర్తుకు రావడానికి కాసేపు పట్టింది. మర్నాడు ఖమ్మంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు. స్కానింగ్ తీశారు. లోపల రక్తం గడ్డకట్టలేదట, మెదడు బాగా అదిరిందట. ఆ 'అట' ఎందుకంటే, డాక్టరు పిలిచింది మా ఆయన్ను. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి వాళ్ళిద్దరూ తలుపేసుకుని నా తల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను ఆ తల పట్టుకుని ట్యూబులైటు వెలుగు పడకుండా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మా ఆయన బయటికొచ్చి, "రెస్టు తీసుకోవాలన్నడు. ఇగ ఆ పరుగు బంద్ చెయ్యమన్నడు," అన్నాడు. డాక్టరు మాట. ఎదురు చెప్పడానికి నేనెవర్ని?

ఇక ఆ రెస్టు సంగతి వినండి. వెలుగు చూస్తే కళ్ళలో సూదులు గుచ్చినట్టుంది, కుక్కరు కూత పెడితే ఏడుపొస్తోంది, చారులో చింతపండు వాసనకు కడుపులో తిప్పుతోంది. అటువంటి మనిషిని చూడడానికి కాలనీ కాలనీ అంతా వచ్చింది. మన దగ్గర జబ్బుపడ్డ మనిషిని పలకరించకపోతే తప్పు. పలకరించేటప్పుడు గట్టిగా మాట్లాడకపోతే ప్రేమ లేదని లెక్క. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకొచ్చి, లైటు వేసి, మంచం మీద కూర్చుని, వాళ్ళ ఊళ్ళో తలకు దెబ్బ తగిలి పోయినవాళ్ళందరి కథలూ చెప్పారు. వాపు చూద్దామని వచ్చిన ప్రతి చెయ్యీ దాన్నొకసారి నొక్కి చూసింది. ప్రార్థన కూటం అక్కలు కంజీరలతో వచ్చి మంచం చుట్టూ నిలబడి పాడారు. దేవుడికి చెవుడు లేదని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అత్తమ్మది ఇంకో భయం. నాకు రెప్ప వాలితే చాలు, భుజం పట్టి ఊపేది. "పండుకోకు బిడ్డా, తలకు తాకినోళ్ళు పండుకుంటే లేవరంట," అనేది. పాపం, ప్రేమతోనే. కానీ అదే వారంలో మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పక్క గదిలో పడుకుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. ఆయన నిద్రకున్న విలువ నా మెదడుకు లేదు.

వచ్చిన ప్రతివాళ్ళూ పోతూపోతూ ఒకే తీర్పు చెప్పారు. ఎదురు క్వార్టర్ వదిన గడపలో నిలబడి, "చూసినవా వదినా? నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న, ఆ ఉరుకుడు మనకెందుకు అని," అంది.

"బస్సులో తగిలింది వదినా," అన్నాను.

"యాడ తాకితే ఏంది, తలకే గదా తాకింది," అంది.

బస్సెక్కడం మానమని ఒక్కరు కూడా అనలేదు. చింతపండు మానమనీ అనలేదు. మానాల్సింది నా పరుగొక్కటే అయింది.

వాపు తగ్గింది. వెలుగు కళ్ళకు పడడం మొదలైంది, కుక్కరు కూతా అలవాటైంది. బడికి పోయాను. బూట్లు మాత్రం అటక మీదే ఉన్నాయి. పొద్దున్నే కిటికీలోంచి గ్రౌండు వైపు చూసి, వచ్చి పొయ్యి ముట్టించేదాన్ని. డాక్టరు వద్దన్నాడు గదా అని నన్ను నేనే ఓదార్చుకునేదాన్ని. ఎండలు పోయి వానలొచ్చాయి. మళ్ళీ చూపించుకోవాల్సిన రోజున మా ఆయనకు షిఫ్టు కుదరక, నేనొక్కదాన్నే ఖమ్మం వెళ్ళాను. బస్సులో పైన అర ఖాళీగా ఉన్న సీటు వెతుక్కుని మరీ కూర్చున్నాను. డాక్టరు నా కళ్ళలో లైటు వేసి చూసి, "బాగుందమ్మా. పరుగు ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

"మీరే బంద్ చెయ్యమన్నరు గద సార్."

"నేనా?" ఆయన పెన్ను కింద పెట్టాడు. "నొప్పి తగ్గేదాకా వద్దన్నాను. తగ్గాక ముందు నడక, నడకలో తల బరువెక్కకపోతే కొంచెం కొంచెం పరుగు. బరువెక్కితే ఆగి, తగ్గాక మళ్ళీ నడక నుంచి. ఇదంతా మీ ఆయనకు చెప్పాను గదమ్మా."

"నాకెందుకు చెప్పలే సార్?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, "ఆయనకు చెప్పాను గదా," అన్నాడు మళ్ళీ. చెడ్డవాడు కాడు. నా తల గురించిన కబురు నా తలకు తప్ప అందరికీ అందిందన్న సంగతి ఆయనకు తట్టలేదంతే.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అన్నం తింటున్నాడు. చెప్పుల కాళ్ళతోనే ఎదురుగా నిలబడి అడిగాను. ఆయన ముద్ద కలుపుతూ, "కాలనీల అందరు నవ్వుతున్నరు. మళ్ళ యాడన్న పడితే ఎట్ల? నాకు భయమైంది," అన్నాడు.

"భయమైతే భయమైందని చెప్పు. డాక్టర్ చెప్పిండని ఎందుకు చెప్పినవు? తల నాది."

ఆయన పప్పు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. మాట్లాడింది అత్తమ్మ. గోడకానుకుని తమలపాకు నములుతున్న మనిషి నమలడం ఆపి, కొడుకు వైపు తిరిగి, "మరి నా మోకాలు సంగతేంది? డాక్టర్ నన్ను తల్లాడ పోవద్దన్నడా, నువ్వన్నవా?" అని అడిగింది. మా ఆయన కంచంలోకి చూశాడు. ఆ చూపే జవాబు. సొంతూరు తల్లాడలో పొలం, చెల్లెళ్ళు, ఇరుగుపొరుగు అన్నీ వదులుకుని, మోకాలి నొప్పికి ప్రయాణం డాక్టరు వద్దన్నాడని రెండేళ్ళుగా మా గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఆమె. ఆ వారమే తల్లాడ బస్సెక్కింది. ఎక్కేముందు తనే స్టూలు వేయించి నా బూట్లు అటక మీంచి దింపించింది.

ఆమె వెళ్ళిన మర్నాడు కోపంతో పరుగెత్తాను. నడక లేదు, ఏమీ లేదు, కాలనీ అంతా చూడాలని ఒక్కటే పరుగు. గ్రౌండు సగం తిరిగేసరికి నేల ఒరిగింది. గోల్‌పోస్టు పట్టుకుని కూలబడి ఏడ్చాను, నొప్పికి కాదు, ఉక్రోషానికి. మళ్ళీ మంచం, మళ్ళీ బత్తాయిలు. కోపం కాళ్ళకు బలమిస్తుంది గానీ తలకు పనికిరాదని అప్పుడు తెలిసింది. ఈసారి డాక్టరు మాట విన్నాను, నా చెవులతో నేను విన్న మాట గనక. మొదట నీళ్ళ ట్యాంకు దాకా నడక. తర్వాత ట్యాంకు దాటి. తర్వాత ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా చిన్న పరుగు, తల బరువెక్కితే ఆగడం. చలికాలం వచ్చేసరికి ఒక పొద్దున, ఎక్కడా ఆగకుండా గ్రౌండు చుట్టి వచ్చాను. ఎదురు క్వార్టర్ వదిన చీపురు పట్టుకుని నోరు తెరిచింది. ఎవరూ తరమడం లేదని ఆమె అడగకముందే చెప్పి వెళ్ళిపోయాను.

మొన్న ఖమ్మంలో ఆ కుర్ర డాక్టరు నా జవాబు కోసం చూస్తున్నప్పుడు ఇదంతా నా కళ్ళ ముందు తిరిగింది. కావాలంటే నేను కూడా ఆయన్ను బయట బల్ల మీదికి పంపి, మిగతాది ఒక్కదాన్నే విని, ఇంటికెళ్ళి నాకు నచ్చింది చెప్పగలను. ఉప్పుతో పాటు పేకాట కూడా మానమన్నాడని చెబితే ఎవరు కాదంటారు? ఆశ పుట్టలేదని అబద్ధమాడను.

"ఆయనకే చెప్పండి డాక్టరు గారూ," అన్నాను. "ఇక్కడే ఉన్నాడు గదా, వినబడుతుంది."

డాక్టరు కాస్త తికమకపడి, కుర్చీ తిప్పుకుని, మొదటి నుంచి మళ్ళీ మా ఆయనకు చెప్పాడు. ఆయన బడిపిల్లాడిలా తల ఊపుతూ విన్నాడు. మెట్లు దిగుతున్నప్పుడు నా వైపు చూడకుండా, "ఇన్నేండ్లు యాదిల పెట్టుకున్నవా?" అన్నాడు.

"అవ్," అన్నాను.

ఇంకో నాలుగు మెట్లు దిగాక, "అప్పుడు నిన్ను గూడ లోపలికి పిలవమనాల్సింది," అన్నాడు మెల్లగా. ఆ తలుపు దాటడానికి అప్పుడు నాలుగడుగులు చాలేవి, మాకు మాత్రం ఇరవై ఏళ్ళు పట్టింది.