రాణిగారి హారం

చిలకలపూడిలో మా పక్కింటి అత్తయ్యగారు గిల్టు నగలు చేసేవారు. ఏ సినిమా చూసినా ఆవిడ చూపు ముఖాల మీద కాక మెడల మీదే ఉండేది. ఒకసారి ఆవిడ చేసిన హారాన్ని ఒక చారిత్రక సినిమాలో రాణి వేషానికి తీసుకెళ్లారు. అది విడుదలయ్యాక ఆవిడను వెంటబెట్టుకుని బందరులో హాలుకు వెళ్లాను.

తెర మీద కోట కూలింది. రాజూ కొడుకులూ యుద్ధంలో పోయారు. ఒంటరిగా మిగిలిన రాణి మెడలోని హారం తీసి, గెలిచినవాడి ముందు పెట్టబోయింది. అత్తయ్యగారు గభాలున లేచి, "ఇవ్వకమ్మా!" అని అరిచారు. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అది మీరు చేసిన గిల్టే కదండీ, అత్తయ్యగారూ?"

"గిల్టని నాకు తెలుసమ్మా. పాపం, ఆవిడకి తెలీదుగా!" అన్నారు.