కిందిగేరికి పోయిన సంచులు

ఒక ఊరి బీపీ పెంచి వచ్చిన నర్సమ్మను యాడైనా చూసినారా? ఇదో, మీ ఎదురుగానే కూర్చోనుండా. మొన్న ఆలూరు పక్క పల్లెలో నేను చేసిన ఘనకార్యం చెప్తా, వినండి. రజియా, టీ చల్లారిపోతాది తాగు. సుజాతా, ఆ పళ్ళెంలో అప్పడాలు తిను, మొహమాటం పడొద్దు. ఇంకా శానా ఉండాయి.

మీరిద్దరూ బ్యాంకు కోచింగ్ వాళ్ళు, మీకు మా నర్సింగ్ గోల తెలీదు. చివరి సంవత్సరంలో మాకు ఒక రీసెర్చ్ ప్రాజెక్టు ఉంటాది. నాకు పడింది ఉప్పు. ఉప్పు తగ్గించమని ఊర్లో వాళ్ళకు చెప్తే బీపీ తగ్గుతాదా, తగ్గదా? అంతే. వినేకి సులభంగా ఉండాది కదా? నేనూ అట్లే అనుకున్నా.

దీనికి ఒక పద్ధతి ఉండాది. రెండు గుంపులు పెట్టుకోవాల. ఒక గుంపుకు కూర్చోబెట్టి అన్నీ చెప్పాల. రెండో గుంపుకు ఏమీ చెప్పకుండా ఊరికే బీపీ చూసి రావాల. ఆ రెండోదాన్ని కంట్రోల్ గ్రూపు అంటారు. ఆఖర్లో రెండిటినీ పక్కపక్కన పెడితే, మనం చెప్పినందుకే తగ్గిందా, దానంతట అదే తగ్గిందా తెలిసిపోతాది. ప్రాజెక్టు అయిపోయినాక రెండో గుంపుకూ అన్నీ చెప్పేస్తాం. మధ్యలో ఎవరికైనా బీపీ మరీ ఎక్కువైతే అప్పుడే ఆసుపత్రికి పంపిస్తాం. కాబట్టి అన్యాయమేమీ లేదు.

ఈ ప్రాజెక్టు మా గైడ్ మేడమ్ ఒప్పుకుంటేనే నాకు కోర్సు పూర్తయినట్టు. కోర్సు పూర్తయితేనే బెంగళూరు ఆసుపత్రిలో ఉద్యోగం. ఆడ సెలెక్ట్ చేసుకోని, ఎప్పుడు జాయిన్ అవుతావు, ఎప్పుడు జాయిన్ అవుతావు అని ఒకటే ఫోన్లు. నా సంగతి మీకు తెలుసు కదా. పాలు కాగేదాకా స్టవ్ కాడ నిలబడలేను. అట్లాంటి దాన్ని బీపీ చూసే ముందు ప్రతి మనిషినీ ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలంట. వాళ్ళు నిమ్మళంగా కూర్చుంటాండ్రి, నా కాళ్ళేమో నిలవకుండా కొట్టుకుంటాండె.

ఆ ఊరి మధ్యలో ఒక వంక, అదే ఎండిన వాగు, ఉండాది. వంకకు ఈ తట్టు పైగేరి, ఆ తట్టు కిందిగేరి. గేరి అంటే మా రాజంపేటలో వీధి అంటాం. పైగేరి వాళ్ళకు ఉప్పు పాఠం, కిందిగేరి కంట్రోల్. మేడమ్ పంపించేటప్పుడే గట్టిగా చెప్పింది. "కిందిగేరిలో నోరు విప్పావంటే ప్రాజెక్టు పోయినట్టే. బీపీ చూడు, నమస్కారం పెట్టు, వచ్చేయ్."

నాకు! నోరు విప్పొద్దంట!

సరే, పైగేరిలో నా ప్రతాపమంతా చూపించినా. బొమ్మలు పట్టుకోని, "అక్కా, ఊరగాయ వద్దు, అప్పడాలు వద్దు, ఉప్పు మిరపకాయలు వద్దు, రొట్టెలోకి ఎర్రకారం కూడా తగ్గించండి" అని గొంతు పోయేట్టు చెప్పినా. ఆడ ఈరమ్మక్క అని ఒకామె ఉండాది. ఆమె మాట పైగేరి అంతా వింటాది. మొదట్లో ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం పాపా, ఊరగాయ లేకుండా రొట్టె ఎట్ల దిగుతాది గొంతులో?"

"పప్పు నంచుకో అక్కా. నీకు బీపీ ఉండాది. రేపు కాలో చెయ్యో పడిపోతే ఎవరు చూస్తారు?"

కొంచెం ఘాటుగానే అనేసినా. కానీ ఆ మాట పని చేసింది. మళ్ళీ వారం పోయేసరికి ఈరమ్మక్క ఇంట్లో అటక మీద జాడీలు లేవు. పక్కింట్లో లేవు. ఎదురింట్లో లేవు. నాకు సంబరం ఆగలేదు. నా మాటకు ఇంత విలువుందా అని స్కూటీ మీద పాట పాడుకుంటా వచ్చినా.

ఇంగ ఆ స్కూటీ సంగతి చెప్పాల. పైగేరి అయిపోగానే కిందిగేరికి పోతా కదా. బండి స్టార్ట్ చేస్తాంటే ఈరమ్మక్క ఒక గుడ్డసంచి తెచ్చి ముందర కొక్కేనికి తగిలించేది. "కిందికే కదా పోతాండావు పాపా. మా చిన్నమ్మ లింగమ్మ ఇంట్లో ఇచ్చిపో. నా మోకాళ్ళకు ఈ ఎండలో వంక దాటేకి కాదు." ఇచ్చిపోతా, దానికేముంది? మళ్ళీ వారం పక్కింటామె కూడా ఒక సంచి. ఆ పై వారం ఇంకో ఇద్దరు. నా కాళ్ళ కాడ సంచులు పెట్టుకోని, బీపీ మిషన్ వీపుకు తగిలించుకోని, వంకలో రాళ్ళ మీద ఎగిరెగిరి పోతాంటి.

ఏముంది వాటిల్లో అని అడగలేదా అంటాండావా రజియా? నువ్వు అడుగుతావా? మన తట్టు బస్సులో ముక్కూ మొగం తెలీనోళ్ళు మూట ఇచ్చి ఫలానా స్టాపులో మా వాళ్ళకియ్యమ్మా అంటే, ఒళ్ళో పెట్టుకోని పోమా? ఇచ్చిన సంచి మూతి విప్పి చూసేదా, అదేం మర్యాద? తెల్లకోటుకు ఎర్రగా నూనె మరకలు పడ్తాంటే బండి కారతాందని మెకానిక్ తో కొట్లాడినా గానీ, సంచి వాసన మాత్రం చూడలేదు.

కిందిగేరిలో సంచి గడప మీద పెట్టి, బీపీ చూసి, నమస్కారం పెట్టి, నోరు మూసుకోని వచ్చేస్తాంటి. మేడమ్ ఆజ్ఞ కదా. ఆసుపత్రికి పంపేంత బీపీ అప్పటికి ఎవరికీ రాలేదు.

ఆఖరి వారం అయిపోయింది. లెక్కలన్నీ కంప్యూటర్లో వేస్తే గ్రాఫ్ ఎట్లొచ్చిందనుకున్నారు? పైగేరి గీత కిందికి, కిందిగేరి గీత పైకి. రెండిటికీ మధ్యలో లారీ పోయేంత సందు. నేను అప్పుడే బెంగళూరు బస్సు ఎక్కేసినట్టు ఎగిరినా. ఆలూరుకు మేడమ్ వచ్చిన రోజు ల్యాప్ టాప్ ఆమె ముందర పెట్టి, పొగుడుతాదని నిలబడుండా.

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"పైగేరి తగ్గింది. బాగుంది. కిందిగేరి ఎందుకు పెరిగింది?"

"అది ఇంకా మంచిదే కదా మేడమ్. తేడా పెద్దగా కనపడ్తాది."

"కంట్రోల్ గ్రూపు అంటే మనం కదిలించని మనుషులు. వాళ్ళు ఉన్నచోటే ఉండాలి. ఒకరిద్దరు కాదు, వీధి వీధంతా పెరిగిందంటే ఏదో జరిగింది. నువ్వు వాళ్ళను ఐదు నిమిషాలు కూర్చోబెట్టకుండా గబగబా చూసేశావా?"

నాకు రోషం వచ్చింది. అంతసేపు కాళ్ళు బిగబట్టుకోని కూర్చున్నది ఎవరు మరి? "మిషన్ తప్పేమో చూడండి మేడమ్" అని ఆమె చేతికే పట్టీ చుట్టినా. మిషన్ బాగానే ఉండాది. ఎండలు అన్నా. ఎండ పైగేరిలో లేదా అనింది. జాతర అన్నా. జాతర ఊరంతటికీ కదా అనింది. "పద, వెళ్ళి చూద్దాం" అని ఆమే స్కూటీ వెనక ఎక్కి కూర్చుంది.

కిందిగేరిలో మొదటి ఇల్లే లింగమ్మవ్వది. అవ్వ గోడకానుకోని కూర్చోనుండాది, లేచి పలకరించేకి కూడా ఓపిక లేదు. "రెండు దినాల నుంచి తల తిరుగుతాంది తల్లీ" అనింది. బీపీ చూస్తే మిషన్ లో అంకె శానా ఎక్కువుండాది. అంతవరకు నా కంటికి అది గ్రాఫులో గీత. ఆ గీత ఈ అవ్వేనని నాకు అప్పుడు తగిలింది.

మేడమ్ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "అవ్వా, ఏం తింటున్నావ్ ఈ మధ్య?"

"ఏం తింటా తల్లీ, జొన్నరొట్టె. ఇంతకు ముందు మజ్జిగలో అద్దుకోని తింటాంటి. ఊరగాయ పెట్టుకునే ఓపిక నాకు యాడుంది? ఇప్పుడు మా ఈరమ్మ పుణ్యమా అని దినామూ పండగే. మామిడికాయ, చింతకాయ, అప్పడాలు, ఉప్పు మిరపకాయలు. వారం వారం పంపిస్తాంది. నేనొక్కదాన్నే కాదు, ఈ గేరంతా అదే తింటాండారు."

"ఎవరి చేత పంపిస్తోంది?"

అవ్వ గడ్డంతో నన్ను చూపించింది. "ఈ పాపే కదా తెచ్చేది. శానా మంచిది. పాపం, మాటలు రావేమో గానీ."

సుజాతా, నవ్వితే నవ్వు గానీ పొలమారించుకోవద్దు. అవును, నన్ను ఆ గేరిలో అందరూ మూగదనుకున్నారు. ఇన్నాళ్ళూ నన్ను చూసి ఆడోళ్ళు కండ్లనీళ్ళు పెట్టుకుంటాంటే, నా సేవ చూసి అనుకున్నా.

మేడమ్ నా మొగం చూడలేదు. నా కోటు మీద ఎర్ర మరక చూసింది. అదే చాలు, నాకు వంకలో ఇసుకలో తల పూడ్చుకుందామనిపించింది.

ముందు అవ్వను ఆసుపత్రికి తీసుకపోయినాం. డాక్టర్ మాత్రలిచ్చి, సాయంత్రం దాకా పడుకోబెట్టి, బీపీ దిగినాక పంపించినాడు. నేను ఆ వరండాలో అటూ ఇటూ తిరుగుతానే ఉండా. అవ్వకేమన్నా అయితే ఏం చేయాలని ఒక భయం, ఉద్యోగం పోయిందే అని ఒక ఏడుపు. ఆ ఏడుపు వచ్చినందుకు నా మీద నాకే కోపం.

మరుసటి రోజు ఈరమ్మక్క మీదికి పోయినా. "ఏమక్కా, బీపీ మనిషికి ఊరగాయ పంపిస్తావా?" అని గట్టిగానే అడిగినా. ఆమె చేటలో జొన్నలు చెరుగుతా, నిమ్మళంగా నన్నే చూసింది.

"నువ్వే కదా పాపా మమ్మల్ని తినొద్దంటివి. అంత కష్టపడి పెట్టుకున్నది పారేస్తామా? మనోళ్ళకు పంపిస్తిమి. వాళ్ళకు నువ్వేమన్నా వద్దని చెప్పినావా? మా చిన్నమ్మకూ బీపీ ఉండాదని నీకు తెలుసు గానీ, నాకు తెలుసా?"

నిజమే. చెప్పొద్దనే కదా మా పద్ధతి. ఆడి నుంచి నేరుగా మేడమ్ కాడికి పోయినా.

మేడమ్ ఒకటే మాట అనింది. "కిందిగేరిని కంట్రోల్ నుంచి తీసేస్తున్నాం. ఈ రోజే వాళ్ళకు పాఠం చెప్పు. కొత్త కంట్రోల్ గ్రూపుకు దూరంగా ఇంకో ఊరు వెతుక్కో, ఈ ఊరితో చుట్టరికం లేనిది. బెంగళూరు వాళ్ళకు లేటవుతుందని నేను ఉత్తరం రాస్తాను." అట్ల నా ఉద్యోగం ఇప్పటికి దారానికి వేలాడతాంది. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో రేపు తెలుస్తాది. ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడతాండా.

కిందిగేరిలో నేను నోరు తెరిచి "అందరికీ నమస్కారం" అనగానే ఒకావిడ దేవుడికి దండం పెట్టుకుంది, పాపకు మాటొచ్చిందని. ఉప్పు పాఠమంతా చెప్పినా. శ్రద్ధగా విన్నారు. విని లోపలికి పోయి, ఎవరి డబ్బాలు వాళ్ళు తెచ్చి నా స్కూటీ మీద పెట్టేసినారు. పైగేరికి పోతే, ఇచ్చినవి మళ్ళీ ఇంట్లోకి తీసుకునేది లేదన్నారు. పారేసేకి నాకూ చెయ్యి రాలేదు. మేడమ్ వేలు చూపించి మరీ చెప్పింది, "ఇవి ఇంకో మనిషి నోట్లోకి పోకూడదు, నీ బాధ్యత."

"మరి ఆ డబ్బాలన్నీ ఏం చేసినావే?" అంటాండావు కదా సుజాతా.

నీ చేతిలో సగం కొరికిన అప్పడం ఉండాది చూడు. దాన్ని కింద పెట్టి చెయ్యి చాపు, బీపీ చూస్తా. మేడమ్ కు మాత్రం చెప్పొద్దండి. ఈసారి కూడా మోసుకోనొచ్చింది నేనే.