సత్యానందం ఆగినచోటు

మార్కాపురంలో మా చర్చి క్వయర్‌లో స్వరాలు చూసి పాడేవాళ్ళు ఎవరూ లేరు. సత్యానందం పాడితే విని పట్టుకోవడమే మా సంగీతం. నాకు వరసకు తమ్ముడు. మీసాలు రాకముందే పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ దగ్గర నిలబడ్డాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోరా అంటే, కట్టుకుంటే పాట పలకదక్కా అని నవ్వేవాడు. పనిలో కూడా పాడే పిచ్చి ఆయనది. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఒంగోలు డాక్టరు మందులు రాసిచ్చి, ఇక పనికి పోవద్దన్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆయన దిగులంతా పాట గురించే. గుడ్ ఫ్రైడేకి మేం పాడే పాట వాళ్ళ నాయన విశ్వాసంగారు కట్టింది. ‘ఎండన పడి పోయే దొరా, నీ వెంట ఎవరూ రాలేదా’ అని మొదలవుతుంది. ఆ పల్లవి మొత్తం ఒక్క ఊపిరిలో సాగాలి. ఎక్కడా తెగకూడదు. పాతవాళ్ళలో కొందరు పోయారు, కొందరు పనులకని హైదరాబాదు చేరారు. ఇప్పుడున్న పిల్లలు వచ్చేనాటికే సత్యానందానికి ‘నీ వెంట’ దగ్గర ఊపిరి అందడం మానేసింది. తెగకుండా సాగిన పల్లవిని వాళ్ళు ఒక్కసారి కూడా వినలేదు. తాను పోయేలోపు పాటను నిండుగా వాళ్ళ గొంతులో పెట్టాలని ఆయన ఆరాటం.

ప్రాక్టీసులో ముందే చెప్పాడు. “నేను ఆగినకాడ మీరు ఆగబాకండి. నన్ను దాటుకొని పోండి.”

పిల్లలు తలలూపారు. ఆయన ఎత్తుకున్నాడు. ‘నీ వెంట’ అని ఆగి, రొమ్ము పట్టుకుని గాలి లాక్కున్నాడు. పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని ఆయన వైపు చూస్తూ ఆగిపోయారు. పెళ్ళిళ్ళలో వాయించే ఎడ్విన్ చేతిలో కీబోర్డు ఒక్కటే ముందుకు పోయి, సిగ్గుపడినట్టు అదీ ఆగింది. ముందు పాడేవాడిని దాటి గొంతెత్తకూడదని మా క్వయర్‌లో చిన్నప్పుడే నేర్పుతారు. నేర్పింది కూడా సత్యానందమే.

“ఏందిరా మీరు, చెప్తే ఇనరా?” అన్నాడు.

“నువ్వు అట్ల ఎగపోస్తా ఉంటే ఎట్ల పాడేది మామా?” అన్నాడు ఎడ్విన్.

నేనైనా పాడి చూపిద్దామని నోరు తెరిచాను. నాకు రాగం గుర్తుంది గానీ గొంతు లేదు. ‘దొరా’ దగ్గరే జీర వచ్చి, పిల్లలు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. నా మీద నాకే కోపం వచ్చింది.

గుడ్ ఫ్రైడే నాడు సత్యానందం లేవలేక కుర్చీలోనే కూర్చున్నాడు. ఎడ్విన్ ఎత్తుకున్నాడు. ‘నీ వెంట’ అని అందరూ ఆగారు. పోండి, పోండి అని ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆయన ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, తర్వాతే అందుకున్నారు. ఆ ఆగడం గుండెల్ని పిండేసిందని పాస్టరుగారు మెచ్చుకున్నారు. సత్యానందాన్ని నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాను.

“ఇంగ పోయిందిలే అక్కా, మా నాయన పాట,” అన్నాడు గుమ్మం దగ్గర. నాకు ఏడుపొచ్చింది.

వానలు పడకముందే చనిపోయాడు. సమాధి దగ్గర పిల్లలు ఆ పాటే పాడారు. ఎదురుచూడడానికి ఈసారి ముందు ఎవరూ లేరు. అయినా ‘నీ వెంట’ దగ్గర అందరూ ఒక్కసారే ఆగారు, రొమ్ముల మీద చేతులు పెట్టుకుని మరీ.

మట్టి వేశాక ఎడ్విన్ నా దగ్గరికి వచ్చాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“పెద్దమ్మా, మామ పాడినట్టే వచ్చింది కదా?”

“వచ్చింది నాయనా,” అన్నాను.