సంగటి ఆరని దూరం

మా హిందూపురం ఇంట్లో దూరాన్ని మైళ్లలో చెప్పేవాళ్లు లేరు. అవ్వకు ఒకటే కొలత. ఇంట్లో దించిన రాగిసంగటి చేను చేరేసరికి వేడిగా ఉంటే ఆ చేను దగ్గర, ఆరిపోతే దూరం. పెళ్లి సంబంధాలు కూడా ఆమె అలాగే తూచేది. అక్కను హైదరాబాదుకు ఇచ్చినప్పుడు మాత్రం ఆమె మాట ఎవరూ వినలేదు.

అరవైల నాటి సంగతి. అక్కకు వేవిళ్లు. మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదనీ, అవ్వ చేతి సంగటి కావాలంటోందనీ కబురొచ్చింది. అక్కడ రాగిపిండి దొరకదా అంటే దొరుకుతుంది. అవ్వ చెయ్యి దొరకదు కదా!

అదే వారం, పట్టుచీరల అంగట్లో పనిచేసే మా చిన్నాయన హైదరాబాదు ప్రయాణం కట్టాడు. పెళ్లివాళ్లకు చీరలు తొందరగా చేర్చాలని షావుకారు ఆయనను బెంగళూరు నుంచి విమానంలో పంపుతున్నాడు. మా ఇంటా వంటా లేని పని.

"ఎంతసేపురా ఆ విమానం?" అని అడిగింది అవ్వ.

"రెండు గంటలంటమ్మా. రైల్లో అయితే పెనుకొండ, ధర్మవరం, గుంతకల్లు అంటా నడుములు పడిపోతాయి."

"రెండు గంటలేనా! అయితే సంగటి ఆరదు."

"ఏందమ్మా నువ్వు! ఆడికి సూటుబూట్లోళ్లు వస్తారు. నేను సంగటి మూట సంకన పెట్టుకోని ఎక్కాల్నా?"

"షావుకారి చీరలు మోస్తావు, మన బిడ్డకు కూడు మోయలేవా?"

చిన్నాయన చీరల పెట్టె సర్దుకోవడానికి లేచాడు.

తెల్లారకముందే అవ్వ ముద్దలు చేసి, ఆముదపాకుల్లో చుట్టి, ఇత్తడి డబ్బాలో పెట్టి, పైన కంబళి ముక్క కట్టింది. చిన్నాయన బెంగళూరు రైలెక్కగానే వాకిట్లో నిలబడి ఆకాశం చూడసాగింది. విమానం మా నెత్తిమీదుగానే పోతుందట. ఆ రెండు గంటల్లో బెంగళూరు చేరే రైలు గానీ, అక్కడ కాచుకునే సేపు గానీ లేవని మాలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దు నెత్తికెక్కింది, పక్కకు వాలింది. అప్పుడు మోగింది పైన విమానం.

"ఇప్పుడా పోతాండాడు నా కొడుకు!" అవ్వ వాకిట్లోనే కూలబడింది. "సంగటి రాయయింటాది. బిడ్డ ఏం తింటాది?"

చిన్నాయన తిరిగొచ్చేదాకా అవ్వ వాకిలి వదల్లేదు. ఆయన గడప దాటకముందే పట్టుకుంది.

"తినిందా?"

"యాడమ్మా, మూట నా చేతిలోంచి గుంజుకునింది! వేడి కూడు వాసనొస్తేనే కడుపులో తిప్పుతుందంట. ఇది చల్లగా ఉండాదని మజ్జిగలో పిసుక్కోని, ఎర్రగడ్డ కొరుక్కుంటా చెంబెడు తాగింది. తాగి హాయిగా పండుకునింది. కక్కల్యా."

అవ్వ చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పటినుంచి హైదరాబాదు ఎంత దూరమని ఎవరడిగినా ఆమె తడుముకునేది కాదు.

"ఈడ వేడి సంగటి ఎత్తుకుంటే, ఆడికి సద్ది సంగటయి పోతాది. మా బిడ్డకు సరిపోయేంత దూరమే అబ్బా."